ఇంట్లోకి ఒక పుస్తకం

పుస్తకాలావిడ ఎవరినీ "మీకెలాంటి పుస్తకాలు ఇష్టం?" అని అడగదు. ఆ ప్రశ్నకి జనం నిజం చెప్పరని ఆవిడ అనుభవం. చరిత్ర అంటారు, తత్త్వం అంటారు, లావుపాటి పుస్తకం ఒకటి చంకన పెట్టుకుపోతారు, గడువు దాటాక తెచ్చి "చాలా బాగుందండీ" అంటూ చూపులు తప్పిస్తారు. అందుకని ఆవిడ ఇంకోలా అడుగుతుంది. "ఈమధ్య ఏ పుస్తకం మధ్యలో వదిలేశారు? ఎక్కడ వదిలేశారు?" ఇష్టాల దగ్గర గొప్పలకి పోయే మనిషి కూడా విసుగు దగ్గరికొచ్చేసరికి ఉన్నదున్నట్టు మాట్లాడతాడు.

టాక్సీ నడిపే అతనొకడు అపరాధ పరిశోధన నవలలన్నీ మొదటి హత్య దగ్గరే ఆపేస్తానన్నాడు. "శవం దొరకడం ఆలస్యం, అందరూ హంతకుడి వెంట పడతారండీ. ఆ పోయినాయన కుక్కకి ఆ పూట అన్నం ఎవరు పెట్టారో ఒక్కడూ రాయడు," అన్నాడు. ఆవిడ అతనికి కొండ ఊళ్లో పశువుల డాక్టరు రాసుకున్న అనుభవాల పుస్తకం ఇచ్చింది. అది తిరిగిచ్చే రోజు అతను బల్లకి ఆనుకుని మాట్లాడుతూనే ఉన్నాడు, బయట టాక్సీలో కూర్చున్న మనిషి హారన్ కొడుతూనే ఉన్నాడు. ప్రేమకథల్ని పెళ్లి దాకా చదివి మూసేసే బ్యాంకు ఉద్యోగినికి, ముసలితనంలో తగువు పడి ఆ తగువులో కొత్తగా ప్రేమలో పడ్డ దంపతుల నవల ఇచ్చింది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. ఆ పుర్రెలోకి తొంగిచూసి ఆ రుచి కనిపెట్టడమే తన పని అని ఆవిడ నమ్మకం. జీతమిచ్చేవాళ్లు మాత్రం ఆవిడ పని పుస్తకాల మీద ముద్ర వెయ్యడం అనుకుంటారు, అది వేరే సంగతి.

లైబ్రరీ అంటే పెద్ద భవనం అనుకునేరు. కింది అంతస్తులో ఒకే ఒక హాలు. ఇటుపక్క సైకిళ్లు బాగుచేసే కొట్టు, అటుపక్క కళ్లజోళ్ల దుకాణం. కొత్త జోడు సరిపోయిందో లేదో తేలక సణిగే బేరాలని ఆ దుకాణమాయన "పక్కకెళ్లి ఏదైనా నాలుగు పేజీలు చదివి రండి" అని ఇటు తోలేవాడు. అలా కళ్లు పరీక్ష చేసుకోడానికి వచ్చి, ఆ నాలుగు పేజీలకి చిక్కుకుపోయి, సభ్యులైపోయినవాళ్లు తక్కువేమీ కాదు. వానాకాలంలో వెనక గోడ చెమ్మ పట్టేది. అందుకని ఆవిడ కవిత్వం అరని ఎదర గోడకి మార్చి, వెనక గోడకి పన్నుల చట్టాలు పెట్టింది. చెమ్మకి నానితే అవే నానాలని.

ఇంతమందికి చెప్పే ఆవిడకి మాత్రం చెప్పేవాళ్లెవరూ లేరు. డాక్టరుగారూ మీ వంట్లో ఎలా ఉంది అని ఏ రోగీ అడగడు కదా, ఇదీ అంతే. "మీరేం చదువుతున్నారు?" అని ఆ బల్ల ముందు నిలబడి ఒక్కరూ అడగలేదు. ఆవిడ దానికి ఎవరినీ తప్పుపట్టలేదు గానీ, బాధపడలేదంటే అది అబద్ధం. సాయంత్రం తాళం వేసి, రెండు సందులు దాటి, తన గదిలోకి వెళ్లి దీపం వేసుకున్నాక, చదివిన పుస్తకం గురించి ఒక్క మాటయినా ఎవరితోనైనా అనాలని ప్రాణం కొట్టుకునేది. పుస్తకం మూశాక వచ్చే నిశ్శబ్దం ఇంకే నిశ్శబ్దానికీ సాటి రాదు.

ఒకప్పుడు అక్క ఉండేది. చిన్నప్పుడు ఇద్దరికీ కలిపి ఒకే పుస్తకం అద్దెకి తెచ్చుకునేవాళ్లు. మరునాడు తిరిగి ఇచ్చెయ్యాలి, ఒకరి తర్వాత ఒకరు చదివే వ్యవధి ఉండదు. మంచం మీద బోర్లా పడుకుని ఇద్దరూ ఒకేసారి చదివేవాళ్లు. అక్కది గబగబా పరిగెత్తే చదువు, ఈవిడది నత్తనడక. అక్క పేజీ అయిపోగానే బొటనవేలు ఆ పేజీ మూలకి చేర్చి, తిప్పకుండా ఆపుకుని, "అయిందా?" అనేది. ఈవిడ "ఊఁ" అనేది. అప్పుడు తిప్పేది. ఎంత ఉత్కంఠగా ఉన్నా, హంతకుడు తలుపు దాకా వచ్చేసినా, "ఊఁ" అనకుండా అక్క ఒక్క పేజీ తిప్పలేదు. పెళ్లయి వెళ్లిపోయాక కూడా పుట్టింటికి వచ్చినప్పుడల్లా ఇద్దరూ అదే మంచం మీద బోర్లా పడేవాళ్లు. అక్క పోయి చాలా ఏళ్లయింది. ఈవిడ ఇప్పటికీ పేజీ చివరికి వచ్చాక ఒక్క క్షణం ఆగి తిప్పుతుంది.

అలాంటి రోజుల్లో వచ్చాడు సంచీ ఆయన.

చేతిలో కూరల సంచీ, పైన తోటకూర కట్ట తొంగిచూస్తూ ఉంది. వయసు మళ్లిన మనిషి, మాట పొదుపు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, బల్ల దగ్గర ఒద్దికగా నిలబడి, "ఇంట్లోకి ఒక పుస్తకం కావాలండీ," అన్నాడు. ఇంట్లోకి ఉప్పు కావాలి, ఇంట్లోకి చీపురు కావాలి అన్నట్టే.

"ఇంట్లో ఎవరికండీ?"

"ఇంట్లోకేనండీ," అన్నాడు ఆయన మళ్లీ, ఇంతకంటే ఏం చెప్పాలన్నట్టు.

పుస్తకాలావిడకి నవ్వొచ్చింది. పాతకాలం మగవాళ్ల సంగతి తెలిసిందే. పెళ్లాం పేరు నోటంట రావడానికి వాళ్లకి నామోషీ. "ఇంట్లో అడగాలి" అంటారు, "ఇంట్లో ఒప్పుకోరు" అంటారు, మనిషిని మొత్తం గోడలూ గుమ్మాల్లో కలిపేస్తారు. సరే, ఈయన ఇంటావిడకి పుస్తకం కావాలన్నమాట అనుకుంది. "ఇంట్లో ఈమధ్య ఏ పుస్తకం మధ్యలో వదిలేశారు?" అని అడిగింది.

ఆయన కాసేపు ఆలోచించాడు. "నీతులు చెప్పే పుస్తకం ఒకటండీ. ఇంత వయసొచ్చాక ఇంకా బుద్ధులు నేర్పుతారా అని కిటికీలోంచి పారేశారు. నేనే వెళ్లి తెచ్చాను."

ఆ ఒక్క మాటకి పుస్తకాలావిడ ఆ ఇంటావిడ వైపుకి వాలిపోయింది. సర్కస్ కంపెనీలో పళ్ల డాక్టరుగా పనిచేసినాయన ఆత్మకథ ఉంటే తీసిచ్చింది. సింహం నోట్లో తల పెట్టేవాడికి తన దగ్గర కుర్చీలో కూర్చోడానికి చెమటలు పట్టేవని రాసుకున్నాడాయన.

మరుసటి గురువారం సంచీ ఆయన వచ్చాడు. పుస్తకం కొద్దిగా ఉల్లిపాయ వాసన వేస్తోంది. "ఇంట్లో పడీ పడీ నవ్వారండీ. అయితే సింహాల గురించి ఇంకాస్త రాయాల్సిందట," అన్నాడు. నవ్వారు, చదివారు, ఒప్పుకోలేదు, అలిగారు. భార్య గురించి ఇంత మర్యాదగా మాట్లాడే మగవాణ్ణి ఆవిడ అంతవరకూ చూడలేదు. అదీ నచ్చింది.

అలా గురువారాలు మొదలయ్యాయి. ఇంటావిడ రుచి ఒక పట్టాన అందేది కాదు. ఒక వారం ఎడారిలో రైలుపట్టాలు వేసినవాళ్ల కథ చదివి, ఇంజన్ బాయిలర్ గురించి రచయిత తప్పు రాశాడని పట్టుకుంది. ఆ పై వారం రాణీగారి దుస్తులు కుట్టిన మనిషి నవల చదివి, మూడో అధ్యాయంలో ఆ చేతి పనికి ఒక్క రోజు చాలదు, వారం పడుతుంది అంది. ఇంకో వారం అంకెల మీద పుస్తకం. దానికి మాత్రం ఇంట్లో రెండు రోజులు గొడవైందని ఆయన చెప్పాడు. సగం మెచ్చుకున్నారు, సగం తిట్టారు అన్నాడు. ఎంత లోతైన మనసు అనుకుంది పుస్తకాలావిడ. ఒకే పుస్తకాన్ని సగం మెచ్చుకుని సగం తిట్టగలిగినవాళ్లే అసలైన చదువరులు అని ఆవిడ ఎప్పట్నుంచో అనుకునేదే.

ఇక ఊహకి కళ్లెం ఎవరు వేస్తారు? ఇంటావిడకి తన వయసే ఉంటుందనుకుంది. కిటికీ పక్కన కూర్చుంటుంది. ఉల్లిపాయలు తరుగుతూ చదువుతుంది, అందుకే ఆ వాసన. ఆఖరి పేజీ ముందు చదివేసే దుర్గుణం కూడా ఉండి తీరాలి. ఈ ఊరిలోనే, ఏదో సందులో, తను చదివినవే చదువుతూ, తను ఆగిన చోటే ఆగుతూ ఒక మనిషి ఉంది. సంచీ ఆయన మీద ఒక్కోసారి కోపం కూడా వచ్చేది, అంత మనిషిని ఇంట్లో పెట్టుకుని ఈయనకేం తెలుసులే అని. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఒక గురువారం ఆయన, ఉప్పు మళ్లలో పనిచేసే ఇద్దరు తోడికోడళ్ల నవల తిరిగిస్తూ, గుమ్మం దాకా వెళ్లి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగాడు.

"అన్నట్టు, ఇది చదివాక ఇంట్లో ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదటండీ. ఇచ్చినవాళ్లతో తప్ప."

ఆయన వెళ్లిపోయాడు. పుస్తకాలావిడ ముద్ర వెయ్యాల్సిన పుస్తకం ముందు ముద్ర చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు, ఇచ్చినవాళ్లతో తప్ప. ఆ మాట ఇంటికి తీసుకెళ్లింది. దాంతోనే అన్నం తింది, దాంతోనే పడుకుంది. అక్క పోయాక ఎవరూ ఆవిడతో అంత దగ్గరి మాట అనలేదు. ఆ మాట అన్న మనిషిని ఒక్కసారి చూడాలని, ఎదురుగా కూర్చుని ఏ పుస్తకం గురించైనా సరే ఒక్క గంట మాట్లాడాలని ఆవిడకి కోరిక పుట్టింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కానీ పాఠకుల ఇళ్లకి వెళ్లకూడదన్నది ఆవిడ పెట్టుకున్న నియమం. అదీగాక, వెళ్లి ఏమని చెప్పుకుంటుంది?

చివరికి నియమం తప్పడానికి పైవాళ్లే దారి చూపించారు. హాలు ఖాళీ చేస్తున్నామనీ, పుస్తకాలన్నీ ఊరవతల పెద్ద లైబ్రరీలో కలిపేస్తున్నామనీ చెప్పారు. ఆవిడకి అక్కడ పుస్తకాలు నిలవ చేసే గదిలో పని. కిటికీ ఉంటుంది, మనుషులుండరు. పాఠకులకి ఏం చదవాలో చెప్పడానికి అక్కడ ఒక యంత్రం పెట్టారట, మీట నొక్కితే పది పేర్లు ఇస్తుందట. "అది వదిలేసిన పుస్తకాల గురించి అడుగుతుందా?" అంది ఆవిడ. వచ్చిన అధికారి మర్యాదస్థుడు, ఆ ప్రశ్న వినపడనట్టు ఊరుకున్నాడు.

హాలు మూసేది బుధవారం. సంచీ ఆయన వచ్చేది గురువారం. వచ్చి తాళం చూసుకుని, తోటకూర కట్టతో అలాగే వెనక్కి పోతాడు. అంతటితో ఇంటావిడ కూడా ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. ఆ ఆలోచన భరించడం ఆవిడ వల్ల కాలేదు. బుధవారం మధ్యాహ్నం కళ్లజోళ్లాయన్ని కాసేపు హాలు చూస్తూ ఉండమని చెప్పి, సంచీ ఆయన సభ్యత్వ కార్డు మీది చిరునామా చూసుకుని బయల్దేరింది.

చేతిలో ఒక పుస్తకం ఉంది. అది లైబ్రరీది కాదు, ఆవిడ సొంతం. ఏరు ఎండిపోయిన ఊళ్లో ఈత నేర్పే ఒక స్త్రీ కథ. అక్కతో కలిసి చదివినవాటిలో ఆఖరిది అదే. ఇన్నేళ్లలో ఎవరికీ ఇవ్వలేదు. తిట్టినా భరించేది గానీ, ఎవరైనా అది తిరిగిచ్చి "పర్లేదండీ" అంటే తట్టుకోలేనని భయం. ఇంటావిడ ఆ మాట అనదు. ఆవిడ చేతుల్లో పెట్టి, కావాలంటే గుమ్మంలోంచే వచ్చేస్తాననుకుంది. అనుకుంది గానీ, మంచి చీర కట్టుకుని బయల్దేరిన మనిషి గుమ్మంలోంచి వచ్చేస్తుందా?

సందు చివర పెద్ద పాత ఇల్లు. తలుపు తీసింది సంచీ ఆయనే. చేతిలో గరిటె ఉంది. ఆవిణ్ణి చూసి కంగారుగా గరిటె వెనక దాచుకున్నాడు.

"రేపట్నుంచి లైబ్రరీ ఉండదండీ. చెప్పి వెళ్దామని వచ్చాను," అంది ఆవిడ. "ఇంట్లో ఉన్నారా?"

"ఉన్నారండీ. అందరూ ఉన్నారు."

"అందరూ?"

మన మాటల్లో ఈ "రు" అనే అక్షరం ఉంది చూశారూ, మహా మాయదారిది. గౌరవానికీ అదే, గుంపుకీ అదే. నవ్వారు అంటే నవ్వింది ఒక మహాతల్లి కావచ్చు, ఒక జట్టు కావచ్చు. ఇన్ని గురువారాలుగా సంచీ ఆయన ఉన్న మాటే చెప్పాడు. గౌరవం దగ్గర ఆగిపోయింది ఈవిడే.

అది ఎవరి సొంత ఇల్లూ కాదు. ఉద్యోగాలు విరమించి, నా అన్నవాళ్లు లేని నలుగురు గదులు అద్దెకి తీసుకుని కలిసి ఉంటున్న ఇల్లు. సంచీ ఆయన వాళ్లకి వంట చేసే మనిషి. ఆయన మాత్రం ఎప్పుడూ "ఇల్లు" అనే అంటాడు, ఆయనకీ వేరే ఇల్లు లేదు గనక.

లోపల పొడుగాటి భోజనాల బల్ల చుట్టూ కూర్చుని అందరూ చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. ఉల్లిపాయల బుట్ట పక్కనే లైబ్రరీ పుస్తకం బోర్లించి ఉంది. ఓడ ఇంజన్ల మెకానిక్‌గా చేసినాయన చెవి వెనక చెయ్యి పెట్టుకుని, "ఎవరూ?" అన్నాడు.

"లైబ్రరీవాళ్లు," అన్నాడు వంటాయన.

మెకానిక్ ఆవిడ భుజం మీదుగా తలుపు వైపు చూశాడు. "మిగతావాళ్లేరి?"

ఆ ప్రశ్న ఆవిడ చెవిన పడింది గానీ మనసుకి ఎక్కలేదు. వంటాయన ఎవరెవరో చెబుతుంటే ఒక్కొక్కరినీ చూస్తోంది. బాయిలర్ తప్పు పట్టింది ఈయనా. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకున్న ఈ దర్జీ ఆవిడా, చేతి పనికి వారం పడుతుందన్నది. అంకెల పుస్తకాన్ని మెచ్చుకున్నది ఆ లెక్కల మాస్టారు, తిట్టింది మిగిలినవాళ్లు. పైకి చదివి వినిపించేది ఆ చివర కూర్చున్న నర్సమ్మ. తన ఇంటావిడ ముక్కలు ముక్కలుగా ఆ బల్ల చుట్టూ కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది. కిటికీ పక్కన ఎవరూ లేరు. అక్కడ తువ్వాళ్లు ఆరేశారు.

కుర్చీ వేశారు, మంచినీళ్లిచ్చారు. అయినా ఆశ అంత తేలిగ్గా చావదు. ఇంతమందిలో ఆ మాట అన్నది ఎవరో ఒకరు ఉంటారు కదా. ఆ ఒక్కరు చాలు.

"తోడికోడళ్ల నవల చదివాక," అంది నెమ్మదిగా, "ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు, ఇచ్చినవాళ్లతో తప్ప, అన్నారట. అదెవరన్నారు?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఎవరితోనూ మాట్లాడనన్నది నేనే," అంది నర్సమ్మ. "ఆ వారం పన్ను పీకించుకున్నాను. నోరు విప్పితే ప్రాణం పోయేది."

"ఇచ్చినవాళ్లతో మాట్లాడాలి అన్నది నేను," అన్నాడు మెకానిక్. "మాట్లాడనా మరి? పుస్తకంలో రెండు కాగితాలు లేవు. చిన్నకోడలు పడవ ఎక్కింది, పేజీ తిప్పితే పెద్దకోడలు వంట చేస్తోంది. మధ్యలో ఏమైనట్టు?"

అందరూ వంటాయన వైపు తిరిగారు. ఆయన గరిటె వైపు చూసుకున్నాడు. "బల్ల దగ్గర వెనకాల జనం ఉంటారు కదండీ. టూకీగా చెప్దామని రెండూ కలిపేశాను," అన్నాడు.

పుస్తకాలావిడ నవ్వింది. నవ్వకుండా ఎలా ఉంటుంది? పన్ను నొప్పినీ చిరిగిన కాగితాల్నీ కలిపి ఇన్నాళ్లు గుండెల్లో దాచుకుంది. నవ్వుతూనే ఉంది, కళ్లు మాత్రం మాట వినలేదు. దర్జీ ఆవిడ చూసింది గానీ, చూడనట్టు చిక్కుడుకాయల కేసి తల దించుకుంది.

"మాకూ ఒక సంగతి తేలాలమ్మా," అన్నాడు లెక్కల మాస్టారు. "అక్కడ మీరు ఎంతమంది?"

"ఎక్కడండీ?"

"లైబ్రరీలో. ఈయనొచ్చి లైబ్రరీలో ఇది ఇచ్చారు, లైబ్రరీలో అది చదవమన్నారు, లైబ్రరీలో నవ్వారు అంటాడు. ఎంతమందో చెప్పడు. మాలో మాకు వాదన. సర్కస్ పుస్తకం పంపినాయన ఒకడున్నాడు, సరదా మనిషి. రైలుపట్టాలు పంపినాయన వేరు, నిక్కచ్చిగా ఉంటాడు. అంకెలు పంపినాయన నాలాంటివాడే. అందరూ కలిసి నలుగురికి తక్కువ కాదని నా లెక్క."

"అయిదుగురు," అంది దర్జీ ఆవిడ. "తోడికోడళ్ల పుస్తకం పంపింది ఎవరో ఆడపిల్ల. మనసులో ఏదో బెంగ ఉన్న పిల్ల. మగవాళ్లు పంపేది కాదది."

"గురువారం పొద్దున మీరంతా కూర్చుని మాకేం పంపాలో వాదించుకుంటారు కదూ?" అన్నాడు మెకానిక్. "నేనైతే ఆ గొడవ వినాలని ఎన్నిసార్లో అనుకున్నాను. ఇక్కడికంటే అక్కడే బాగుంటుంది అనిపిస్తుంది."

అందరూ ఆవిడ మొహంలోకి చూస్తున్నారు. ఆ హాలు, వాన పడితే చెమ్మగిల్లే గోడ, సాయంత్రం తను ఒక్కతే వేసుకునే తాళం కళ్లముందు మెదిలాయి. ఆ హాల్లో బల్ల చుట్టూ జనం కూర్చుని, నవ్వుతూ, పుస్తకాలు తిరగేస్తూ, తగువులాడుకుంటూ వీళ్లకి కనిపించారట ఇన్నాళ్లు.

"ఒక్కదాన్నే," అంది.

ఒలిచే చేతులు ఆగిపోయాయి.

"అన్నీ మీరేనా?" అన్నాడు మాస్టారు.

"అన్నీ నేనేనండీ."

వంటాయన లోపలికి వెళ్లి పొయ్యి ఆపి వచ్చాడు. అప్పుడు దర్జీ ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, పాతికేళ్లుగా లైబ్రరీ బల్ల ముందు ఎవరూ అడగని మాట మామూలుగా అడిగేసింది.

"మరి నీకెవరు చెప్తారమ్మా, ఏం చదవాలో?"

పుస్తకాలావిడ ఒళ్లో పెట్టుకున్న పుస్తకాన్ని రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుంది. ఇది వీళ్లకి ఇవ్వాలని తెచ్చింది కాదు. వీళ్లు ఆ మనిషి కారు. ఆ మనిషి ఇక లేదు, నిజానికి ఎన్నడూ లేదు. వెళ్లొస్తానని లేస్తే సరిపోతుంది. హాలు దగ్గర కళ్లజోళ్లాయన ఎదురుచూస్తూ ఉంటాడు కూడా.

"ఆ చేతిలోదేంటి?" అన్నాడు మెకానిక్.

"ఇది... ఈత నేర్పే ఆవిడ కథ."

"మాకేనా?"

ఆవిడ కాదనలేదు. "రెండు కాగితాలేం పోలేదు కదా?" అని ఆయన మళ్లీ అడిగాడు. లేదంది. నర్సమ్మ తన కళ్లకి మబ్బు కమ్ముతోందనీ, ఈ పూటకి మీరే చదవండనీ అంది. అందరూ చిక్కుడు గింజల గిన్నెలు దగ్గరికి లాక్కున్నారు.

ఆవిడ పుస్తకం తెరిచింది. పైకి చదివి ఎన్నేళ్లయిందో. మొదట గొంతు గరగరలాడింది, తర్వాత దారిలో పడింది. ఏరు ఎండిపోయింది. ఊళ్లో సగంమంది వెళ్లిపోయారు. ఈత నేర్పే ఆవిడ మాత్రం రోజూ సాయంత్రం పిల్లల్ని ఇసకలో బోర్లా పడుకోబెట్టి చేతులెలా వెయ్యాలో, కాళ్లెలా ఆడించాలో, ఊపిరి ఎప్పుడు తీసుకోవాలో నేర్పుతోంది. నీళ్లు వచ్చిన రోజుకి సిద్ధంగా ఉండాలని. పేజీ చివర ఒక పిల్ల ఇసకలోంచి తలెత్తి, "ఒడ్డు ఇంకా ఎంత దూరం?" అని అడుగుతుంది. ఇక్కడే అక్క పకపకా నవ్వింది. ఇక్కడే తను ఏడ్చింది. ఒక మంచం మీద, ఒకే పేజీ ముందు. ఆవిడ ఆగిపోయింది.

ఆగిందే చాలు, బల్ల చుట్టూ అందరూ అందుకున్నారు. నీళ్లు లేకుండా ఈతేమిటి, ఆవిడకి మతి పోయింది, అన్నాడు మెకానిక్. మతి పోయింది ఊరు వదిలి పోయినవాళ్లకి అంది నర్సమ్మ. ఇసకలో పడుకుంటే ఆ పిల్లల బట్టలేం కావాలి అని దర్జీ ఆవిడ. ఏటికి నీళ్లు వచ్చే అవకాశం ఎంతో లెక్క కట్టొచ్చన్నాడు మాస్టారు. వంటాయన గుమ్మానికి ఆనుకుని, తనకేమనిపించిందో ఎప్పుడూ పైకి చెప్పని మనిషి, "వస్తాయండీ, నీళ్లొస్తాయి," అన్నాడు. ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. అక్కలా నవ్వినవాళ్లు లేరు, తనలా ఏడ్చినవాళ్లూ లేరు. "పర్లేదు" అన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

పుస్తకాలావిడ వింటూ కూర్చుంది. అక్క ఉంటే బాగుండేదనుకుంది. ఎంత అనుకుందంటే, పక్కన ఖాళీ కుర్చీ కేసి చూడలేకపోయింది. ఎంతకీ ఆ వాదన తెగేలా లేదు. అప్పుడు ఆవిడ బొటనవేలు తనంతట తానే పేజీ మూలకి చేరింది. తిప్పకుండా ఆపుకుని, అందరి కేసి చూసింది.

"అయిందా?"

మాస్టారు "ఊఁ" అన్నాడు. నర్సమ్మ అంది, దర్జీ ఆవిడ అంది, గుమ్మంలోంచి వంటాయన అన్నాడు. మెకానిక్ మాత్రం చెవి వెనక చెయ్యి పెట్టుకుని, "ఆగమ్మా, నాది ఇంకా కాలేదు," అన్నాడు.

ఆవిడ ఆగింది.